జాబులు – జవాబులు: చరిత్రకూ సాహిత్యానికీ చేయూత ఎలా?

ఈ శీర్షికకు ప్రతి నెలా రకరకాల విషయాల మీద ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి మాత్రం చరిత్ర, భాష, సాహిత్యం, జానపదం వంటి చదువులను, అంటే మానవీయ శాస్త్రాలని మనం పిలుచుకునేవాటిని, ఎవరు పోషించాలి, ఎలా పోషించాలి అన్న ప్రశ్నతో ఎనిమిది ఉత్తరాలు అందాయి. నా జీవితంలో ఎక్కువ భాగం ఆ చదువుల మధ్యనే గడిచింది కనుక వీటిని విడివిడిగా వేయకుండా ఒకే సంచికలో చేర్చి, కాస్త వివరంగానే జవాబులు రాస్తున్నాను. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందువల్ల అందరి పేర్లూ వదిలి ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మా మనవడు విశ్వవిద్యాలయంలో శాసనాల మీద పరిశోధన చేస్తున్నాడు. ప్రభుత్వం నెలనెలా ఫెలోషిప్ ఇస్తోంది. వాడి చదువంటే నాకు గర్వమే. కానీ ఊళ్ళో బోర్లు ఎండిపోతున్న కాలంలో పాత రాళ్ళు చదివేవాళ్ళకు ప్రజల సొమ్ము ఇవ్వడం సబబేనా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. – ఒక రైతు, బద్వేలు

జవాబు: అయ్యా, మీ అనుమానంలో తప్పేమీ లేదు. పన్ను కట్టే ప్రతివారికీ అడిగే హక్కున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు మీకు దగ్గరలోనే ఉంది. పోరుమామిళ్ళ చెరువును మీరు చూసే ఉంటారు. 1369లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, దాని వివరాలను సంస్కృత శ్లోకాలలో రెండు రాతి పలకల మీద చెక్కించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళపాటు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో ఉంది. అంతకంటె విలువైన సంగతి మరొకటి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, చెరువుకు ఉండకూడని 6 దోషాలను ఆ శాసనం వరసగా చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరి కారిపోవడం, చవిటినేల కావడం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పారించడానికి నేల చాలకపోవడం – ఇవీ ఆ ఆరు దోషాలు. రెండూళ్ళ మధ్య చెరువుల తగాదాలు చూసినవారు కనుక మూడో దోషం ఎందుకు రాశారో మీకు నేను వివరించనక్కరలేదు. 650 ఏళ్ళ కిందటి ఆ మాటలు ఇవాళ కట్ట మీద కూర్చుని నలుగురు రైతులు మాట్లాడుకునే మాటలలాగే ఉన్నాయి.

అయితే ఆ రాతిని మనం చదవగలగడం వెనక ఒక వరసైన కష్టం ఉంది. చిన్నతనంలో ఒక పాడుబడిన గుడి ముందు శాసనానికి నకలు తీస్తుండగా మొదటిసారి చూశాను. ముందు రాయిని నీళ్ళతో కడిగి, అక్షరాల గాడుల్లో పేరుకున్న నాచునూ మట్టినీ కుచ్చుతో తోమారు. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్షుతో అంగుళం అంగుళం కొట్టారు. కాగితం గాడుల్లోకి దిగిపోయింది. అది కాస్త ఆరుతున్నప్పుడు గుడ్డ చుట్టిన మెత్తతో నల్లసిరా పలుచగా అద్దారు. రాతి ఉపరితలం నల్లగా మారి, లోపలి అక్షరాలు తెల్లగా తేలాయి. అంతవరకూ గీతలూ గాట్లూ అనుకున్నది ఒక్కసారిగా వాక్యమై కనిపించడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. దాని తరువాతి పని మరింత నిదానమైనది. ఏ శతాబ్దంలో ఏ అక్షరాన్ని ఎలా రాసేవారో తెలియాలి. సంస్కృతం, పాత తెలుగు, కొన్నిచోట్ల కన్నడం, తమిళం రావాలి. శాసనంలో చెప్పిన తిథికీ వారానికీ పొంతన కుదురుతుందో లేదో లెక్క కట్టాలి. పదేళ్ళు కూర్చుంటే గాని ఈ విద్య చేతికి రాదు. ఆ పదేళ్ళూ ఆ మనిషి తిండికీ గదికీ ఎవరో ఒకరు సాయం చేయాలి. మనం ఇచ్చే సొమ్ము ఆ కాలానికి కట్టే వెల.

ఆ సొమ్ము ఎంతో కూడా చెబుతాను. జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి నుంచి తొలి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు. ఆ ఫెలోషిప్ దొరకనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో యూజీసీ ఇచ్చేది నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో చేరిన చాలామందికి ఆ మాత్రం ఆసరా కూడా లేదు. ఏ ప్రైవేటు కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటూ, రాత్రిళ్ళు సిద్ధాంత గ్రంథం రాసుకుంటారు. మీ మనవడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి వెంటబెట్టుకుని పోరుమామిళ్ళ వెళ్ళి, ఆ పన్నెండు అంగాలూ మీకు చదివి చెప్పమనండి. మీ అనుభవంతో మీరు చెప్పే మాటలు అతని పరిశోధనకు పనికివస్తాయి.

ప్రశ్న: పాత ఇల్లు పడగొట్టి కట్టుకుంటున్నాము. అటక మీద మా ముత్తాతగారి కాలం నాటి తాళపత్రాల కట్టలు మూడు దొరికాయి. ఒకదానికి చెదలు పట్టింది. వీటిని ఏం చేయాలి? ఎవరికైనా ఇచ్చేస్తే మళ్ళీ చూడగలమా? – విశ్రాంత ఉపాధ్యాయురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు చేయకూడనివి చెబుతాను, ఎందుకంటే మంచి మనసుతో చేసిన పనుల వల్లనే నా కళ్ళ ముందు కొన్ని కట్టలు పాడయ్యాయి. ఆకులకు కొబ్బరినూనె రాయకండి. ప్లాస్టిక్ సంచిలో బిగించకండి, లామినేషన్ చేయించకండి, రబ్బరు బ్యాండు వేయకండి. అతుక్కుపోయిన ఆకులను గోటితో విడదీయకండి. చెదలు పట్టిన కట్టను మిగతా రెండింటి నుంచి వెంటనే వేరు చేయండి. నీడలో గాలి తగిలే చోట ఉంచి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, ఆకుల కంటె కొంచెం పెద్దవైన రెండు చెక్కల మధ్య పెట్టి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ఆకుల వరస మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పనివ్వకండి. ఆకు అంచున తెలుగు అంకెలలో సంఖ్య ఉంటుంది; వరస తప్పిన కట్టను తిరిగి కూర్చడానికి పండితుడికి నెలలు పడుతుంది.

తరువాత చివరి ఆకును చూడండి. గ్రంథం పేరు, రాసినవారి పేరు, సంవత్సరం, వారం, తిథి చాలాసార్లు అక్కడే ఉంటాయి. కొన్నిచోట్ల రాయసగాడు తన మాటగా ఒక పాత శ్లోకం చేర్చుతాడు: "భగ్నపృష్ఠకటిగ్రీవస్తబ్ధదృష్టిరధోముఖమ్, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్". వీపూ నడుమూ మెడా విరిగేలా తల వంచుకుని, రెప్ప వేయకుండా చూస్తూ, కష్టపడి రాసిన గ్రంథమిది, జాగ్రత్తగా కాపాడండి అని దాని భావం. గంటం పట్టి ఆకు చిరగకుండా ఒక్కొక్క అక్షరం గీసి, ఆపైన మసి రుద్ది తేటపరచిన మనిషి చివరికి కోరింది ఆ ఒక్కటే.

ఇక ఎవరికి ఇవ్వాలన్నది. మీకు దగ్గరలో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది. 1911లో మద్రాసులో మొదలై కాకినాడకు తరలివచ్చిన ఆ సంస్థ ఎన్నో తాళపత్రాలను సేకరించింది. పిఠాపురం మహారాజు సూర్యారావు గారి పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారైనది కూడా ఆ పరిషత్తు పూనికతోనే. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ, హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా ఉన్నాయి. కేంద్రప్రభుత్వం 2003లో ప్రారంభించిన జాతీయ రాతప్రతుల మిషన్ స్థానంలో 2025లో జ్ఞానభారతం అనే కొత్త మిషన్ వచ్చింది. సంస్థల దగ్గరా వ్యక్తుల దగ్గరా ఉన్న కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, భద్రపరచి, డిజిటల్ ప్రతులు తీయించాలన్నది దాని లక్ష్యం. డిజిటల్ ప్రతి తీయించుకోనిచ్చినంత మాత్రాన కట్టలు మీ చేయి దాటిపోవు. ఇచ్చేసినా, మీ చేత సంతకం చేయించుకున్న కాగితంలో ఆకుల సంఖ్య, కట్ట కొలతలు, మీకు ఒక డిజిటల్ ప్రతి ఇవ్వాలన్న షరతు రాయించుకోండి. ఈ మూడూ లేకుండా ఏ సంస్థకూ ఏదీ అప్పగించవద్దు. నేను ఎరిగిన ఒక కుటుంబం నోటిమాట మీద ఇచ్చిన కట్ట, పదేళ్ళ తరువాత వెళ్ళి అడిగితే, ఆ సంస్థ జాబితాలోనే లేదు.

ప్రశ్న: ఇక్కడి మా తెలుగు సంఘంలో కొంత నిధి పోగయింది. అమెరికా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పీఠం పెట్టాలని కొందరు, ఆ డబ్బు స్వదేశానికే పంపాలని కొందరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు? – న్యూజెర్సీ

జవాబు: ముందుగా పీఠం సంగతి. పీఠం అంటే ఒక ఆచార్య పదవికి జీతమిచ్చే శాశ్వత నిధి. అందులో అసలు ఖర్చు కాదు; రాబడి నుంచి నిధి విలువలో ఏటా 4 నుంచి 5 శాతం వరకు మాత్రమే అక్కడి విశ్వవిద్యాలయాలు సాధారణంగా వాడతాయి. లక్ష డాలర్ల జీతం ఆ రాబడి నుంచి రావాలంటే 20 నుంచి 25 లక్షల డాలర్ల అసలు కావాలి. అంత మీ దగ్గర ఉంటే, లేదా ఇంకొన్నేళ్ళలో సమకూడుతుందని నమ్మకం ఉంటే, పీఠం తప్పకుండా మంచి పనే. ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబం విరాళంతో అటువంటి తెలుగు పీఠం ఏర్పడింది. పీఠం ఉన్నచోట తెలుగు ఒకరి ఉత్సాహం మీద ఆధారపడకుండా పాఠ్యక్రమంలో నిలిచిపోతుంది. ఆచార్యులు రిటైరైనా ఆ కుర్చీలోకి మరొకరు వస్తారు.

గ్రంథప్రచురణకు చేసిన దానం ఎంత దూరం వెళుతుందో చూడాలంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వెలువరిస్తున్న మూర్తి ప్రాచీన భారతీయ గ్రంథమాలను చూడండి. 2010లో రోహన్ మూర్తి ఇచ్చిన 52 లక్షల డాలర్లతో అది మొదలైంది. 2015 జనవరిలో వచ్చిన తొలి ఐదు సంపుటాలలో అల్లసాని పెద్దన మనుచరిత్ర ఒకటి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ఒక పేజీలో, దానికి ఎదురుగా పెద్దన పద్యం తెలుగు లిపిలో ఉంటాయి. ఆ మాల కోసం తెలుగు అక్షరాలను ప్రత్యేకంగా గీయించారు. తెలుగు చదవలేని పాఠకుడికి కూడా తాను చదువుతున్నది ఏ అక్షరాల నుంచి వచ్చిందో కళ్ళెదుట కనిపించడం నాకు ఎంతో తృప్తినిచ్చే విషయం.

అయినా మీ నిధి అంత పెద్దది కాకపోతే, పీఠం పేరిట బ్యాంకులో ఏళ్ళ తరబడి ఉంచే బదులు మనుషుల మీద ఖర్చుపెట్టమని నా సలహా. కడపలో సి.పి. బ్రౌన్ చేసింది అదే. 1820లో అక్కడికి ఉద్యోగిగా వచ్చిన బ్రౌన్ ఆ తరువాత ఒక బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటి పండితులకూ రాయసగాళ్ళకూ తన జీతంలోంచి నెలజీతాలిచ్చి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి చూసి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయినా, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చినా, వాటి వెనక ఆ బంగళాలో నెలనెలా జీతం అందుకున్న మనుషుల శ్రమ ఉంది. ఇవాళ కూడా మన గ్రంథాలయాలకు కావలసింది అదే. రాతప్రతుల వివరపట్టిక తయారుచేసే ఇద్దరు మనుషులకు మూడేళ్ళ జీతం, ఒక అనువాదకురాలికి రెండేళ్ళ జీవనభృతి, తెలుగు మీద పరిశోధన చేసే అమెరికా విద్యార్థికి ఆరు నెలలు తిరుపతిలోనో రాజమహేంద్రవరంలోనో ఉండి చదువుకునే ఖర్చు, ఇక్కడి విద్యార్థికి అక్కడి గ్రంథాలయాలు చూసివచ్చే ఖర్చు – ఇటువంటి వాటికి పీఠంతో పోలిస్తే చాలా తక్కువ సొమ్ము చాలు. ఈ పని చేసేవారికి నెలజీతం ఉంటేనే పని సాగుతుందన్నది నా జీవితంలో పదే పదే రుజువైన సంగతి. సభలకూ సన్మానాలకూ జ్ఞాపికలకూ చందాలు దొరికినంత సులువుగా, మూలన కూర్చుని పట్టిక రాసే మనిషి జీతానికి చందా దొరకదు. మీరైనా ఆ లోటు తీర్చండి.

ఇంకొక మాట సూటిగా చెబుతాను. ఎవరికి డబ్బు ఇచ్చినా పరిశోధన ఫలితం ఇలా ఉండాలన్న షరతు పెట్టవద్దు. మీ కులానికో, మీ ప్రాంతానికో, మీ పూర్వులకో కీర్తి తెచ్చే తీర్పు రావాలని ఆశించి ఇచ్చిన సొమ్ముతో తయారైన పుస్తకాన్ని తరువాతి పండితులు నమ్మరు.

చట్టం విషయానికి వస్తే, భారతదేశంలోని సంస్థ విదేశీ విరాళం తీసుకోవాలంటే దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఖాతాకు చేరాలి. మీలో ఇంకా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డు ఉన్నా పంపేది విదేశీ విరాళమే. సంఘం పేరిట పంపే సొమ్ము కూడా అంతే. సంస్థను ఎంచుకునే ముందే ఈ నమోదు సంఖ్య అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా కంపెనీలో సామాజిక బాధ్యత నిధిని చూసే కమిటీలో నేనొక సభ్యుణ్ణి. ప్రతి ఏడూ నీటిశుద్ధి యంత్రాలకూ స్కూలు బెంచీలకూ ఇస్తున్నాము. జానపద పాటల సేకరణకు ఇద్దామని ప్రతిపాదిస్తే, పరిశోధనకు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని అకౌంట్స్ వాళ్ళు అన్నారు. నిజమేనా? – హైదరాబాదు

జవాబు: సగం నిజం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర సంపదో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఈ నిధికి కేటాయించాలి. దేనిమీద ఖర్చుపెట్టవచ్చో ఏడో షెడ్యూలు చెబుతుంది. పరిశోధనను పేర్కొన్న అంశంలో సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, వైద్యం మాత్రమే ఉన్నాయి. చరిత్ర, భాష, సాహిత్యం లేవు. మీ అకౌంట్స్ వారు చూసింది అది. అదే షెడ్యూలులో మరొకచోట జాతీయ వారసత్వం, కళలు, సంస్కృతి పరిరక్షణ, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు, సంప్రదాయ కళల అభివృద్ధి ఉన్నాయి. విద్యాభివృద్ధి వేరే అంశంగా ఉంది. ఒగ్గుకథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, పొలం పాటలు రికార్డు చేసి గ్రంథాలయంలో భద్రపరచి, కళాకారులకు పారితోషికం ఇచ్చే పథకాన్ని ఈ అంశాల కింద ప్రతిపాదించండి. అమలుచేసే సంస్థకు సీఎస్సార్ (కంపెనీ సామాజిక బాధ్యత) నమోదు సంఖ్య ఉండాలి. కంపెనీ ప్రచారం కోసం సభకు బ్యానరు కట్టించడం ఇందులోకి రాదు.

షెడ్యూలులో ఆ మాటల ఎంపిక సరికాదని నా గట్టి అభిప్రాయం. ఒక జబ్బుకు మందు కనిపెట్టడం ఎంత అవసరమో, ఆ మందును జనం ఎందుకు నమ్ముతున్నారో, ఎందుకు నమ్మడం లేదో తెలుసుకోవడమూ అంత అవసరమే. రెండోది చరిత్రకారులూ భాషావేత్తలూ చేసే పని.

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. క్లాసులో పన్నెండుమంది ఉంటారు. ఎక్కువమంది మరో సీటు దొరకక చేరినవారు. ఈ పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి కలిగించి, వారి పని ఊరికి కూడా ఉపయోగపడేలా చేయడం ఎలా? – అధ్యాపకుడు, నాగర్‌కర్నూలు

జవాబు: మాస్టారూ, పన్నెండుమంది చాలా మంచి సంఖ్య. మీ పాలమూరు గడ్డ నుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారి ఉదాహరణతో మీ పాఠం మొదలుపెట్టండి. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే, ఆయన పత్రిక నడుపుతూనే ఊరూరి నుంచి కవుల వివరాలూ పద్యాలూ తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక ప్రచురించారు. విశ్వవిద్యాలయ ఉద్యోగం లేకుండా, ఉత్తరాల మీద నడిపిన పరిశోధన అది. మీ విద్యార్థుల చేతిలో ఇప్పుడు ఫోను ఉంది. ఆయనకు లేని సౌకర్యం అది.

మొదటి సెమిస్టరులో ఒక్కొక్క విద్యార్థికి ఒక్క మనిషిని అప్పగించండి. వలస పోయి ఊరికి తిరిగివచ్చిన మేస్త్రీ కావచ్చు, మంత్రసాని కావచ్చు, పాత పట్వారీ కొడుకు కావచ్చు. పాలమూరు వలస కూలీల జ్ఞాపకాలు ఇంకా రాయవలసినవే ఎక్కువ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి టేపురికార్డరులో ఎక్కించి, 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకంగా తెచ్చారు. అప్పటివరకు ఆ పోరాట చరిత్రలలో అన్నం వండి పెట్టినవారుగానే కనిపించిన స్త్రీలు తమ గొంతుతో మాట్లాడింది ఆ పుస్తకంలోనే. మీ పిల్లల చేత అందులోని ఒక్క ముఖాముఖిని క్లాసులో పైకి చదివించండి. ప్రశ్న ఎక్కడ ఆపాలో, మౌనాన్ని ఎంతసేపు భరించాలో వారికి అర్థమవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మాట్లాడేవారి అనుమతి మొదట్లోనే అడిగి రికార్డు చేయాలి. వారి మాటను వారి యాసలోనే రాయాలి. పుస్తకభాషలోకి మార్చితే సగం చరిత్ర పోతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, రాసినదాన్ని తిరిగి తీసుకువెళ్ళి వారికి చదివి వినిపించాలి, ఒక ప్రతిని గ్రామ పంచాయతీలోనో బడిలోనో ఉంచాలి. ఊరి దగ్గర తీసుకున్నదాన్ని ఊరికి తిరిగి ఇవ్వని పరిశోధన నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే తోస్తుంది.

రాతపూర్వక ఆధారాలకు వస్తే, కోస్తా, రాయలసీమ ఊళ్ళకు ఉన్నట్టు ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర సేకరింపజేసిన కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రల రాతలు, నిజాం ఇలాకాలోని మీ ఊళ్ళకు అంతగా దొరకవు. మీ ఆధారాలు ఎక్కువగా హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఫారసీ, ఉర్దూ కాగితాలలో ఉన్నాయి. షాజహాను, ఔరంగజేబు కాలపు దక్కను దస్తావేజులు కూడా అక్కడున్నాయి. మీ పన్నెండుమందిలో ఒక్కరైనా ఉర్దూ లిపి నేర్చుకుంటే చాలు, మీ జిల్లా చరిత్రకు కొత్త తలుపు తెరుచుకుంటుంది. కాలేజీకి దాతలు ఎవరైనా ముందుకు వస్తే భవనం అడగకండి. ఆ ఒక్క విద్యార్థికి రెండేళ్ళ ఉర్దూ, ఫారసీ చదువు ఖర్చు అడగండి.

ప్రశ్న: మా ఊరి శాఖా గ్రంథాలయం వారంలో మూడు రోజులు మూసే ఉంటుంది. అడిగితే నిధులు లేవంటున్నారు. – పిడుగురాళ్ళ

జవాబు: మీరు కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. మీ పురపాలక సంఘం గత మూడేళ్ళలో ఎంత వసూలు చేసింది, ఎంత జమచేసింది అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబులో బకాయి కనబడితే దాన్ని పట్టుకుని పదిమందీ కలిసి అడగండి.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఇచ్చేందుకు డబ్బు లేదు, సమయం మాత్రం ఉంది. – తెనాలి

జవాబు: మీవంటివారి అవసరమే ఎక్కువ. తెలుగు వికీసోర్సులో కాపీహక్కులు తీరిన పాత పుస్తకాల పేజీలు వేల సంఖ్యలో దిద్దేవారి కోసం ఎదురుచూస్తున్నాయి. స్కాను చేసిన పేజీని కంప్యూటరు చదివినప్పుడు అరసున్నలూ బండిరలూ ఒత్తులూ తరచు తారుమారవుతాయి. కాగితం మరకను సున్నగా చదివేస్తుంది. ఎడమవైపు అక్షరాలు, కుడివైపు అసలు పేజీ చిత్రం పెట్టుకుని పోల్చి దిద్దాలి. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి, మరొకరు సరిచూసిన తరువాత ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. రోజుకు రెండు పేజీలు చాలు. లెడ్జరులో పైసా తేడా పట్టుకున్న కళ్ళకు ఇది కొత్త పని కాదు. దిద్దిన పుస్తకంలో ఏ మాట వెదికినా క్షణంలో దొరుకుతుంది కనుక నిఘంటువు రాసేవారూ పరిశోధకులూ మీకు ఋణపడి ఉంటారు.

ప్రశ్న: ఇంటర్ పూర్తిచేశాను. నాకు తెలుగు, చరిత్ర ఇష్టం. ఇంట్లో ఇంజనీరింగు తప్ప ఏది చదివినా దండగ అంటున్నారు. నాకు ఏదైనా దారి చెప్పండి. – పార్వతీపురం

జవాబు: అమ్మా, మీ నాన్నగారి భయం అర్థంలేనిది కాదు, మన విశ్వవిద్యాలయాలలో అధ్యాపక ఉద్యోగాలు ఏళ్ళ తరబడి భర్తీ కాక, చదువుకున్నవారు పీరియడు లెక్కన పాఠాలు చెప్పుకుంటున్నారు. ఈ సంగతి దాచకుండా తెలుసుకునే ముందుకు నడువు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత ఐదేళ్ళ సమీకృత ఎం.ఏ. ఉంది. సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసి అందులో తెలుగుకో చరిత్రకో ప్రయత్నించు. ఎం.ఏ. తరువాత నెట్ రాస్తే, 30 ఏళ్ళు దాటనంతవరకు ఫెలోషిప్‌కు అర్హత ఉంటుంది. రిజర్వేషన్ వర్గాలకూ మహిళలకూ వయసులో సడలింపు కూడా ఉంది. అనువాదం, ప్రచురణ, పత్రికలు, మ్యూజియాలు, పోటీ పరీక్షలు – ఈ దారులన్నీ ఆ డిగ్రీతో తెరిచే ఉంటాయి. తెలుగుతో పాటు మరొక పాత భాషనూ, కంప్యూటరు మీద తెలుగు పాఠాన్ని చక్కగా కూర్చి దిద్దే పనినీ ఇప్పుడే నేర్చుకో. అవి వచ్చినవారికి పని వెతుక్కుంటూ వస్తుంది.

ఫలితాలు వచ్చేలోగా చేయదగ్గ పని ఒకటి చెబుతాను. మీ అమ్మమ్మో నాయనమ్మో ఊడ్పుల్లో, పెళ్ళిళ్ళలో పాడే పాటలుంటే ఒక నోటుబుక్కులో రాయి. ఆమె పలికినట్టే రాయి, మరచిపోయిన చోట చుక్కలు పెట్టు, ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు. మొదటి పేజీలో తేదీ, ఊరి పేరు, ఆమె పేరు, వయసు తప్పకుండా రాసి, కింద ఆమె చేత సంతకమో వేలిముద్రో వేయించు.